గూగుల్ ఫలితాల్లో మన సైట్‌కు ధర, రేటింగ్, ఫోటో కనిపించాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుంటూరులో మీ కుటుంబం పచ్చళ్లు, పొడులు తయారు చేసి సొంత వెబ్‌సైట్ ద్వారా దేశంలోనూ అమెరికాకూ అమ్ముతోంది. గూగుల్‌లో వెతికితే పోటీ సైట్ల లింకుల కింద ధర, నక్షత్రాలు, పక్కన ఫోటో కనిపిస్తున్నాయి, మీ లింకు కింద మాత్రం రెండు వరుసల అక్షరాలు తప్ప ఏమీ లేవు. అవన్నీ వచ్చేలా చేసి మొదటి స్థానానికి చేరుస్తామని ఒక ఏజెన్సీ నెలవారీ ఫీజు అడుగుతోంది. ఇది నిజంగా ఉపయోగపడుతుందా, మీ అంతట మీరే చేసుకోగలరా అన్నది ప్రశ్న. చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లకు ఈ పని చేయడమే నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా సమాధానం: ఉపయోగపడుతుంది, చాలావరకు మీరే చేసుకోవచ్చు, గూగుల్‌కు ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదు. అయితే దీనివల్ల ఫలితాల జాబితాలో మీ స్థానం పెరగదు. ఉన్న స్థానంలోనే మీ లింకు మీద చూపు ఆగే అవకాశం, దాన్ని నొక్కే అవకాశం పెరుగుతాయి. ఈ రెండింటినీ కలిపి చెబుతున్న ఏజెన్సీ మాటను అక్కడే ఆపి ప్రశ్నించండి. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే స్పష్టంగా రాసింది.

ఈ అలంకరించిన ఫలితాలను రిచ్ రిజల్ట్స్ అంటారు. గూగుల్ వీటిని మొదట 2009 మే నెలలో రిచ్ స్నిపెట్స్ అనే పేరుతో ప్రవేశపెట్టింది. 2011 జూన్‌లో గూగుల్, మైక్రోసాఫ్ట్ వారి బింగ్, యాహూ కలిసి స్కీమా డాట్ ఆర్గ్ అనే ఉమ్మడి పదజాలాన్ని విడుదల చేశాయి. అదే ఏడాది రష్యాకు చెందిన యాండెక్స్ కూడా వాటితో చేరింది. ఒక పేజీలో ఏది వస్తువు పేరు, ఏది ధర, ఏది వంటకు పట్టే సమయం అన్నది ఈ పదజాలంతో గుర్తుపెట్టి చెప్పడాన్నే స్ట్రక్చర్డ్ డేటా అంటాము. సీసాలో ఉన్నది గోంగూరో మాగాయో ఇంట్లో వాళ్లకు చూడగానే తెలుస్తుంది, కానీ గోదాములో వందల సీసాలు పేర్చేవాడికి మాత్రం పేరు, బరువు, ధర రాసిన చీటీ కావాలి. పేజీని చదివే యంత్రానికి ఈ కోడ్ అటువంటి చీటీ. దాన్ని రాయడానికి మూడు పద్ధతులున్నా జేసన్-ఎల్‌డీ అనే పద్ధతినే గూగుల్ సిఫారసు చేస్తుంది. పేజీలో కనిపించే భాగాన్ని ముట్టుకోకుండా విడిగా ఒక చిన్న కోడ్ ముక్కగా చేర్చవచ్చు కాబట్టి, సాంకేతిక నేపథ్యం లేనివారికి కూడా అదే సులువు.

ప్రయోజనం ఎంత అన్నదానికి గూగుల్ తన పత్రాల్లో కొన్ని ఉదాహరణలు ఇచ్చింది. సినిమా సమీక్షల సైట్ రాటెన్ టొమాటోస్ లక్ష పేజీలకు ఈ కోడ్ చేర్చాక, అది లేని పేజీలతో పోలిస్తే ఆ పేజీలకు క్లిక్ రేటు (లింకు కనిపించిన ప్రతి వందసార్లకు ఎన్నిసార్లు నొక్కారన్న లెక్క) 25 శాతం ఎక్కువగా నమోదైందని, వంటల టీవీ ఛానెల్ ఫుడ్ నెట్‌వర్క్ తన పేజీల్లో 80 శాతాన్ని మార్చాక సందర్శనలు 35 శాతం పెరిగాయని, నెస్లే పేజీల్లో రిచ్ రిజల్ట్‌గా కనిపించిన వాటికి క్లిక్ రేటు మిగతా వాటికంటే 82 శాతం ఎక్కువని అక్కడ ఉంది. ఏజెన్సీలు తమ ప్రతిపాదనల్లో తరచుగా ఉటంకించే అంకెలు ఇవే. అవి అప్పటికే పేరున్న పెద్ద సంస్థల అంకెలన్న సంగతి మరువకండి. మీ లింకు ఫలితాల మూడో పేజీలో ఎక్కడో ఉంటే, దాని కింద నక్షత్రాలున్నా చూసేవారు ఉండరు. మొదటి పేజీలో కింది సగంలో ఉన్నవారికే దీనివల్ల ఎక్కువ మేలు జరగడం నా పనిలో గమనించాను. కాబట్టి మీ ఉత్పత్తుల్లో ఇప్పటికే మొదటి పేజీకి చేరినవి ఏవో, గూగుల్ సైట్ యజమానులకు ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో చూసి, వాటితోనే మొదలుపెట్టండి.

స్ట్రక్చర్డ్ డేటా రకాల్లో మీ వ్యాపారానికి అన్నిటికంటే విలువైనది ప్రొడక్ట్, అంటే అమ్మే వస్తువును వివరించే రకం. దీని మీదే ఎక్కువ సమయం పెట్టాలి కనుక నేనూ ఎక్కువ రాస్తాను.

మొదటి సంగతి, ఒక పేజీ ఒక వస్తువు గురించే ఉండాలి. "మా పచ్చళ్లు" అని ఇరవై రకాలను ఒకే పేజీలో పేర్చి, ఆ పేజీకి ప్రొడక్ట్ కోడ్ పెడితే గూగుల్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆవకాయకు ఒక పేజీ, గోంగూరకు ఒక పేజీ విడిగా ఉండాలి. పావు కిలో, అర కిలో, కిలో సీసాలను మాత్రం ఒకే వస్తువుకు చెందిన రూపాలుగా చూపవచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ప్రొడక్ట్ గ్రూప్ అనే రకాన్ని ఇందుకోసమే గుర్తిస్తోంది. ప్రతి పేజీలో కనీసం పేరు, ఫోటో, ధర, ఏ కరెన్సీ అన్నవి ఉంటే ఆ వస్తువు కొనుగోలు ఫలితంగా కనిపించడానికి అర్హత వస్తుంది. సరుకు ఉందా లేదా, రవాణా ఖర్చు ఎంత, తిరిగి తీసుకుంటారా లేదా అన్నవి తప్పనిసరి కాకపోయినా, కొనేవాడు నిర్ణయం తీసుకునేది వాటిని బట్టే కాబట్టి ఇవ్వడం మంచిది. ఆహార పదార్థాలు కాబట్టి మీరు సీసాను తిరిగి తీసుకోకపోవచ్చు. అటువంటప్పుడు కోడ్‌లో ఆ వివరం రాసే గడిని ఖాళీగా వదలకండి. వాపసు అనుమతించబడదు అని చెప్పే విలువ కూడా పదజాలంలో ఉంది, దాన్నే వాడండి. ఈ వాపసు విధానాన్ని ప్రతి వస్తువుకూ విడిగా రాయకుండా సంస్థ మొత్తానికి ఒకేచోట ప్రకటించే వీలు 2024లో వచ్చింది.

ధర రాసే తీరులో జరిగే పొరపాట్లే నా దగ్గరికి వచ్చే సమస్యల్లో ఎక్కువ. హైదరాబాద్‌లోని ఒక చీరల దుకాణం సైట్‌లో ధర గడిలో రూపాయి గుర్తు, కామా, చివర అడ్డగీత, చిన్న గీత అన్నీ కలిపి రాశారు. బిల్లు పుస్తకంలో అలా రాయడం మనకు అలవాటే, కానీ కోడ్‌లో అది చెల్లదు. ధర స్థానంలో 4500 అని ఒట్టి అంకెలే ఉండాలి, కరెన్సీ స్థానంలో ఐఎన్‌ఆర్ (INR) అనే మూడు ఇంగ్లీషు అక్షరాల సంకేతం ఉండాలి. పేజీలో మనుషులకు కనిపించే చోట మీకు నచ్చినట్టు రాసుకోవచ్చు. తేదీలు కూడా అంతే: ఏడాది, నెల, రోజు అనే వరుసలో రాయాలి, రోజుతో మొదలుపెట్టకూడదు. "ఈ ధర ఫలానా తేదీ వరకు" అని చెప్పే గడి ఒకటుంది. పండగ తగ్గింపు కోసం అందులో తేదీ వేసి, పండగ అయ్యాక మార్చకుండా వదిలేస్తే, గడువు దాటిన ధరగా భావించి గూగుల్ ఆ ఫలితాన్ని చూపడం మానేయవచ్చు. సంక్రాంతి తరువాత హఠాత్తుగా ధర కనిపించడం ఆగిపోయిందని అడిగేవారికి నేను మొదట చూడమని చెప్పేది ఈ గడినే.

సరుకు ఉందా లేదా అన్నది మీ వ్యాపారంలో మరీ ముఖ్యం. కొత్త ఆవకాయ వేసవిలో పెడతారు, కొన్ని రకాలు ఏడాది చివరికి అయిపోతాయి. అయిపోయిన సరుకును ఉన్నట్టు కోడ్‌లో చూపితే ఫలితం చూసి వచ్చినవాడు ఖాళీ పేజీ చూసి వెళ్లిపోతాడు. అలాంటివాడు మళ్లీ రావడం కష్టం. సరుకు లేనప్పుడు లేదని, వచ్చే నెల కొత్త కాయ పెడతారు కాబట్టి ఇప్పుడే ఆర్డర్ తీసుకుంటున్నామంటే ముందస్తు ఆర్డర్ అని చెప్పే విలువలు ఉన్నాయి. మీ షాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో సరుకు లెక్క మార్చగానే కోడ్ కూడా దానంతట అదే మారేలా ఉండాలి. చేత్తో మార్చుకుంటూ పోయే పద్ధతి పది వస్తువుల వరకు నడుస్తుంది, ఆపైన నడవదు.

అమెరికాకు పంపుతున్నామన్నారు కాబట్టి ఒక ప్రత్యేకమైన చిక్కు చెప్పాలి. చూసేవారు ఏ దేశం నుంచి వచ్చారో కనిపెట్టి, ఇక్కడివారికి రూపాయల్లో, అక్కడివారికి డాలర్లలో ధర చూపే ఏర్పాటు చాలా పచ్చళ్ల సైట్లలో ఉంటుంది. పేజీలను చదవడానికి వచ్చే గూగుల్ బాట్ అనే ప్రోగ్రామ్ సాధారణంగా అమెరికాలోని ఇంటర్నెట్ చిరునామాల నుంచే వస్తుంది. అందువల్ల దానికి డాలర్ ధర కనిపిస్తుంది, అదే నమోదవుతుంది, విజయవాడలో వెతికినవాడికి మీ గోంగూర పచ్చడి ధర డాలర్లలో కనిపించే ప్రమాదం ఉంది. రెండు కరెన్సీలకు రెండు వేర్వేరు వెబ్ చిరునామాలున్న పేజీలు పెట్టడమే దీనికి నమ్మకమైన పరిష్కారం. ఒకే చిరునామాలో ధర మార్చే ఏర్పాటు ఉంటే దాన్ని ముందు సరిచేయండి, మిగతా పని ఆ తరువాత.

ఇక నక్షత్రాలు. అందరూ మొదట అడిగేది ఇదే, అందరూ ఎక్కువగా దుర్వినియోగం చేసేదీ ఇదే. 2019 సెప్టెంబరులో గూగుల్ ఒక నియమం తెచ్చింది: ఒక వ్యాపార సంస్థ తన గురించి తన సొంత సైట్‌లో పెట్టుకున్న సమీక్షలకు నక్షత్రాలు చూపదు. అంటే హోమ్ పేజీలో "మా సంస్థకు 5కు 4.9" అని రాసి కోడ్ చేర్చినా లాభం లేదు. మీరు అమ్మే ఒక్కో వస్తువు గురించి కొన్నవారు మీ సైట్‌లోనే రాసిన సమీక్షలకు మాత్రం ఈ నిషేధం వర్తించదు. అవి నిజమైన కొనుగోలుదారులు రాసినవై ఉండాలి, పేజీ తెరిచినవారికి కనిపించాలి, వేరే సైట్ల నుంచి తెచ్చి కలపకూడదు. సగటు రేటింగ్‌తో పాటు ఎంతమంది ఇచ్చారన్న సంఖ్య కూడా కోడ్‌లో ఉండాలి.

ఏజెన్సీలు కొన్నిసార్లు పేజీలో ఒక్క సమీక్ష కూడా లేకుండానే కోడ్‌లో మాత్రం వందల సమీక్షలు ఉన్నట్టు రాస్తాయి. అలా చేసిన ఒక మిఠాయి దుకాణం సైట్‌ను తరువాత నేను చూడవలసి వచ్చింది. గూగుల్ మనుషులు పరిశీలించి చర్య తీసుకున్నట్టు సెర్చ్ కన్సోల్‌లో నోటీసు వచ్చింది, ధరతో సహా అన్ని అలంకారాలూ ఒక్కసారిగా పోయాయి. ఈ చర్యవల్ల మామూలు ఫలితాల్లో స్థానం మారదని గూగుల్ చెబుతుంది, ఆ సైట్ విషయంలోనూ మారలేదు. కానీ అబద్ధపు కోడ్ అంతా తీసేసి, పునఃపరిశీలనకు దరఖాస్తు పెట్టి, మళ్లీ అర్హత వచ్చేదాకా పండగ సీజన్ అంతా వృథా అయింది. ఆ యజమానికి తన సైట్‌లో ఏం రాశారో కూడా తెలియదు, తన పేరు మీద అబద్ధం నడిచిందని తెలిసి ఎంతో బాధపడ్డారు. మీ పరిస్థితి అలా కాకూడదని ఇంత గట్టిగా రాస్తున్నాను. ఇప్పటికి సమీక్షలు లేకపోతే నక్షత్రాలు లేకుండానే ధర, లభ్యతతో మొదలుపెట్టండి. సీసా చేరిన వారం తరువాత కొన్నవారికి ఒక వాట్సాప్ సందేశం పంపి, పేజీలో అభిప్రాయం రాయమని మర్యాదగా అడగండి. బాగాలేదని రాసినవి కూడా తీసేయకండి.

మీ సైట్‌లో వంట విధానాలు కూడా రాస్తున్నామన్నారు. వాటికి రెసిపీ రకం వాడవచ్చు. ఇందులో తప్పనిసరి అయినవి వంటకం పేరు, ఫోటో మాత్రమే. సమయం, పదార్థాలు, దశలు, ఎంతమందికి సరిపోతుంది అన్నవి ఇస్తే మంచిది. సమయాన్ని "ముప్పావు గంట" అనో "45 నిమిషాలు" అనో రాస్తే యంత్రానికి అర్థం కాదు, పీటీ45ఎం (PT45M) అనే రూపంలో రాయాలి. పదార్థాలు, దశలు తెలుగులోనే రాయవచ్చు, గడుల పేర్లు మాత్రం ఇంగ్లీషులో ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. వంట విధానం లేని అమ్మకపు పేజీకి రెసిపీ కోడ్ తగిలించవద్దు, అది నిబంధనలకు విరుద్ధం. ఇంకొక చిన్న సూచన: మనవాళ్లలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతారు. కాబట్టి పేజీలో కనిపించే శీర్షికలోనే రెండు లిపులూ ఉంచండి, కోడ్‌లోనూ అదే పేరు ఇవ్వండి.

ఇప్పుడు వేటికి డబ్బు పెట్టకూడదో కూడా చెప్పాలి, ఎందుకంటే పాత సలహాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ప్రశ్నలు, జవాబుల రూపంలో లింకు కింద తెరుచుకునే ఫలితాలను 2023 ఆగస్టులో గూగుల్ పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. పచ్చళ్ల సైట్‌కు ఆ కోడ్ వల్ల ఏ అలంకారమూ రాదు. ప్రశ్నలు, జవాబులు పేజీలో ఉండటం మాత్రం కొనేవారికి మేలే. ఏదైనా పని ఎలా చేయాలో దశలవారీగా చూపే హౌ-టు ఫలితాలు అదే ఏడాది సెప్టెంబరు నాటికి పూర్తిగా పోయాయి. సైట్ పేరు కింద కనిపించే శోధన పెట్టెను 2024 నవంబరులో తీసేశారు. సైట్‌లోని విభాగాల దారిని చూపే వరుస 2025 జనవరి నుంచి మొబైల్ ఫలితాల్లో కనిపించడం లేదు, కంప్యూటర్‌లో మాత్రం ఉంది. 2025 జూన్‌లో మరో ఏడు రకాలను విరమిస్తున్నట్టు ప్రకటించారు, వాటిలో మీకు పనికివచ్చేది ఏదీ లేదు. ఈ జాబితా ఇచ్చి పని చేస్తామని ఏజెన్సీ చెబితే, వారు తమ పాఠాన్ని కొన్నేళ్లుగా తిరగేయలేదని అర్థం. గూగుల్ పైన చూపే ఏఐ సారాంశాల్లోకి రావడానికి కూడా ప్రత్యేకమైన కోడ్ ఏదీ అవసరం లేదని గూగుల్ తన పత్రాల్లోనే చెప్పింది. దాని పేరుతో అదనపు ఫీజు అడిగితే ఇవ్వకండి.

చేసే పద్ధతికి వస్తే, మీ సైట్ వర్డ్‌ప్రెస్ (సైట్ తయారీ సాఫ్ట్‌వేర్) మీద వూకామర్స్‌తో (దానికి అమ్మకాల సౌకర్యం చేర్చే అనుబంధంతో) నడుస్తుంటే ప్రొడక్ట్ కోడ్ కొంత దానంతట అదే వస్తుంది. కొత్తది చేర్చేముందు ఉన్నది ఏమిటో చూడండి. సైట్ రూపాన్ని నిర్ణయించే థీమ్ ఒక కోడ్, అదనపు సౌకర్యాలు చేర్చే ప్లగిన్ ఇంకొక కోడ్, చేత్తో పెట్టింది మూడోది కలిసి ఒకే సీసాకు మూడు ధరలు చెప్పే సైట్లను నేను తరచుగా చూస్తుంటాను. ఒక్కదాన్ని ఉంచి మిగిలినవి ఆపేయాలి. చేత్తో రాసేటట్టయితే కోడ్‌ను వాట్సాప్‌లో గానీ వర్డ్ ఫైల్‌లో గానీ పంపించుకోకండి. అక్కడ నిటారు కొటేషన్ గుర్తులు వంకర గుర్తులుగా మారిపోయే అవకాశం ఉంది, అప్పుడు కోడ్ మొత్తం చెల్లకుండా పోతుంది, కంటికి మాత్రం ఏ తేడా కనిపించదు. పేజీ తెరుచుకున్నాక జావాస్క్రిప్ట్ ద్వారా ధర కోడ్ చేర్చే పద్ధతి కూడా అమ్మకపు సైట్లకు మంచిది కాదు. అలా చేరిన కోడ్‌ను గూగుల్ షాపింగ్ తక్కువసార్లు, తక్కువ నమ్మకంగా చదువుతుందని వారి పత్రాల్లోనే ఉంది.

కోడ్ పెట్టాక గూగుల్ వారి రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో పేజీ చిరునామా ఇచ్చి చూడండి. ఎరుపులో వచ్చేవి లోపాలు, అవి ఉంటే అర్హత లేదు. పసుపులో వచ్చేవి సూచనలు. వాటన్నిటినీ తీర్చాలని లేని సమాచారాన్ని కల్పించి నింపకండి. పరీక్షలో నెగ్గితే అర్హత వచ్చినట్టే గానీ చూపుతారని హామీ కాదు, ఆ నిర్ణయం ప్రతి శోధనకూ గూగుల్ విడిగా తీసుకుంటుంది. పేజీని మళ్లీ చదివి మార్పు కనిపించడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. ఈలోగా కంగారుపడి రోజుకొక మార్పు చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. అంతా సరిగ్గా ఉన్నా ఏమీ కనిపించకపోతే, రోబోట్స్ ఫైల్‌లో (గూగుల్ బాట్ ఏవి చదవకూడదో చెప్పే ఫైల్) ఆ పేజీనో ఫోటోల ఫోల్డర్‌నో అడ్డుకున్నారేమో చూడండి.

ఫలితం కొలవడానికి సెర్చ్ కన్సోల్‌లోని పెర్ఫార్మెన్స్ నివేదికలో సెర్చ్ అప్పియరెన్స్ అనే విభాగం ఉంది. ఏ రకం అలంకారంతో ఎన్నిసార్లు కనిపించారు, ఎన్ని క్లిక్కులు వచ్చాయి అన్నది అక్కడ తెలుస్తుంది. ఆ పేజీల క్లిక్ రేటును మార్పుకు ముందటి కాలంతో పోల్చేటప్పుడు సగటు స్థానం దాదాపు అంతే ఉందా అని కూడా చూడండి. స్థానం మారితే క్లిక్ రేటు పెరగడానికి కారణం అదే కావచ్చు. మీ వ్యాపారంలో మరొక జాగ్రత్త కావాలి: ఏప్రిల్ క్లిక్కులను ఫిబ్రవరితో పోల్చకండి. ఆవకాయ కోసం వెతికేవారు వేసవిలో సహజంగానే పెరుగుతారు కాబట్టి కిందటి ఏడాది అదే నెలతో పోల్చాలి. కన్సోల్ 16 నెలల లెక్కలు దాచి ఉంచుతుంది, అందుకు సరిపోతుంది.

ఏజెన్సీ విషయంలో నా అభిప్రాయం ఇది. కోడ్ పెట్టడం ఒకసారి చేసే పని, ఆపైన ధరలు, సరుకు లెక్క సరిగ్గా మారుతున్నాయా అని చూసుకోవడం, కొత్త లోపాల గురించి కన్సోల్ పంపే ఈమెయిళ్లు చదవడం తప్ప నెలనెలా చేయవలసింది పెద్దగా ఉండదు. సాంకేతిక పని మీకు కుదరకపోతే ఒకసారికి రుసుము మాట్లాడుకొని చేయించుకోండి. ఏయే పేజీలకు ఏ రకం కోడ్ పెడతారో రాతపూర్వకంగా తీసుకోండి, సెర్చ్ కన్సోల్ యాజమాన్యం మీ ఈమెయిల్ మీదే ఉంచుకోండి, పని అయ్యాక ప్రతి రకం పేజీ నుంచి ఒకదాన్ని పరీక్షించి చూపమనండి. నెలవారీ ఫీజుకు పెట్టదలచిన డబ్బుతో సీసాలకు మంచి వెలుతురులో ఫోటోలు తీయించండి. ఫలితాల్లో మీ లింకు పక్కన కనిపించేది ఆ ఫోటోనే, ఇప్పుడు మీ సైట్‌లో ఉన్నవి మసకగా ఉన్నాయని మీరే రాశారు. పరీక్షలో ఏదైనా లోపం వస్తే ఆ సందేశాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.